నిలువని పదార్థాన్ని పట్టిన సుబ్బారావు

నెల్లూరు తీరంలోని పట్టపుపాలేలలో పడవ ఒడ్డుకు చేరగానే చేపలకు, రొయ్యలకు మంచుగడ్డలు వేయడం ఆనవాయితీ. పొద్దెక్కితే సరుకు చెడుతుందని అక్కడి పసిపిల్లలకు సైతం తెలుసు. క్రిములు పెరిగి వాసన పుట్టకముందే చచ్చిన చేప కండలో ఒక పదార్థం విడిపోవడం మొదలవుతుంది. వేడిమి ఆ పనిని త్వరపెడుతుంది, మంచు నిదానింపజేస్తుంది. అది ఎంతవరకు విడిపోయిందో లెక్కకట్టి చేప తాజాతనాన్ని నిర్ణయించే పద్ధతిని 1959లో జపాను శాస్త్రజ్ఞులు రూపొందించారు. ఆ పదార్థమే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు; క్లుప్తంగా ఎ.టి.పి. దానిని కండరం నుండి తొలిసారి వెలికితీసిన వారిలో ఒకరు ఆంధ్రుడు, యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్ననాట చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని చేతికందలేదు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. ఆ దుఃఖం ఆయన మనసును వైద్యపరిశోధన వైపు మళ్లించింది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. దక్కింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట మామగారి సహాయంతో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ వద్ద జీవరసాయన పరిశోధనకు పూనుకున్నారు.

శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలవడం ఆనాడు ప్రయాసతో కూడిన పని. ఆమ్లంలో మాలిబ్డేటు కలిపి, పుట్టిన నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని లెక్కకట్టే సులభమైన పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. దానినే కండరపు రసానికి ప్రయోగించినపుడు ఒక విచిత్రం కనబడింది. రంగు వెంటనే నిండుగా రాక, నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. పరీక్షలో ఏదో లోపమని దానిని తోసివేయవచ్చును. వారు తోసివేయలేదు. ఆలస్యానికి కారణం వెదికారు. భాస్వరం కండరంలో విడిగా లేదు. ఒక సేంద్రియ పదార్థంతో కలిసి ఉన్నది. పరీక్షలో వాడిన ఆమ్లమే దానిని కొంచెం కొంచెంగా విడదీస్తున్నది. 1927లో వెల్లడైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. అంతకుముందు పరిశోధకులు కండరంలో విడిగా ఉన్నదనుకొన్న భాస్వరంలో అధికభాగం దీని నుండి విడివడినదే.

1929లో అదే జంట కండరం నుండి ఎ.టి.పి.ని వేరుచేసింది. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దానిని కనుగొన్నారు.

ఈ పదార్థాలలో భాస్వరపు బంధాలన్నీ ఒక తీరుగా ఉండవు. అణువులోని ఏ బంధం తెగాలన్నా ముందొక గట్టు ఎక్కి దిగాలి. ఫాస్ఫోక్రియాటిన్‌లో భాస్వరం నత్రజనితో ముడిపడి ఉంది. ఆమ్లంలో దాని గట్టు ఎంత చిన్నదంటే, కాచకుండానే విడిపోతుంది. ఎ.టి.పి.లో మూడు ఫాస్ఫేటులు వరుసగా ఉన్నాయి. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 100 డిగ్రీల వేడిలో 7 నిమిషాలుంచితే చివరి రెండూ ఊడిపోతాయి. చక్కెరను అంటిపెట్టుకొన్న మొదటిది మాత్రం చాలావరకు నిలుస్తుంది. ఆమ్లం గట్టును తగ్గిస్తే, వేడి అణువులను కుదిపి గట్టు దాటిస్తుంది. జీవులలో ఈ పని ఎంజైములు చేస్తాయి. ఒకే జాతి ఋణావేశం గల ఫాస్ఫేటులు ఒకదానినొకటి నెట్టుకొంటాయి గనుక, విడివడిన పిదప అవి మరింత స్థిమితపడతాయి. ఆ మార్పులో శక్తి వెలువడుతుంది. మనం చేయెత్తినా, అడుగు వేసినా ఖర్చయ్యేది ఆ శక్తియే. పరీక్షను చిక్కుపరచిన ఆ అస్థిరతే ప్రాణికి ఆధారం.

ఇంత సాధించినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరి పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మేలుచేసే మందయింది. సోదరులను ఆ వ్యాధి కబళించిన ఇన్నేళ్లకు ఆయన చేతికి ఆయుధం దొరికింది. బోదకాలుకు వాడే హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ కూడా అక్కడివే. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కు నగరంలో ఆయన కన్నుమూశారు. విడిచివెళ్లిన స్వదేశాన్ని మరల చూడలేదు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు. 1995లో, శతజయంతి సంవత్సరాన, భారత తపాలాశాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

నేటికీ నెల్లూరు రేవులలో రొయ్యల బుట్టల మీద మంచు పడుతున్నది. కండలో అప్పుడే విడిపోనారంభించిన ఆ పదార్థాన్ని, ఆలస్యమైన ఒక రంగును ఓపికగా గమనించి లోకానికి చూపినవారిలో సుబ్బారావు ఒకరని మన విద్యార్థులు ఎరుగవలసి ఉంది.