తపాలా సంచులు, కర్నల్ హోదా

చార్లెస్ లిండ్‌బర్గ్ 1902లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. 1925లో సైనిక విమానశిక్షణ పూర్తిచేశాడు. ఆ తరగతిలో చేరిన 104 మందిలో చివరికి నిలిచినవారు కొద్దిమందే. శాంతికాలం కావడం వల్ల సైన్యంలో కొలువు దొరకలేదు. సెయింట్ లూయిస్ చేరి, తీరికవేళల్లో మిస్సోరి నేషనల్ గార్డు దళంలో విమానం నడిపేవాడు. జీవనోపాధికి 1926 ఏప్రిల్ నుండి అదే మైదానంలో తపాలా విమానమెక్కి షికాగో వెళ్ళేవాడు. మన ఎల్.బి.నగర్‌లో బస్సెక్కి నెల్లూరు చేరినంత దూరమది. ఆ ఏడాదే రెండుసార్లు రాత్రివేళ దారి కానరాక, ఇంధనం అయిపోగా పారాచూట్‌తో దూకాడు. నేలకు దిగాక అతడు వెదకినది తపాలా సంచులనే! ప్రాణం నిలిపిన ఆ పారాచూట్ విద్య మాత్రం సైన్యంలో చేరకముందే నేర్చుకున్నది.

1927 మే 20న న్యూయార్క్ నుండి ఒంటరిగా బయలుదేరి 33½ గంటలలో ప్యారిస్ చేరాడు. ప్రభుత్వం అతనిని రిజర్వు దళంలో కర్నల్‌ను చేసింది. అందరూ చెప్పుకునే కథ ఇంతే. కాని 1941లో, అమెరికా యుద్ధంలో చేరరాదని వాదించినందుకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విమర్శించగా, ఆ హోదాను వదులుకున్నాడు. అదే ఏడాది యూదులను నిందించి అపకీర్తి తెచ్చుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక తిరిగి చేర్చుకొమ్మని కోరినా ప్రభుత్వం సమ్మతించలేదు. 1944లో పౌరునిగానే పసిఫిక్ రంగంలో దాదాపు 50 సార్లు యుద్ధవిమానంలో వెళ్ళాడు. పోయిన హోదా 1954లో బ్రిగేడియర్ జనరల్‌గా తిరిగివచ్చింది. 1974 ఆగస్టు 26న హవాయి దీవులలో మరణించాడు.