చేతులు కడగమన్న డాక్టరు

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1818లో హంగరీలోని బుడాలో పుట్టాడు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో డాక్టరయ్యాడు. అక్కడి మెడికల్ విద్యార్థులు శవాలు కోసిన చేతులతోనే పురుళ్ళు పోసేవారు; బాలింతలేమో జ్వరమొచ్చి పోయేవారు. 1847లో ఆయన స్నేహితుడు కొలెచ్కా, శవపరీక్షలో విద్యార్థి కత్తి గీసుకుని, అచ్చం అలాంటి జబ్బుతోనే చనిపోయాడు. దాంతో గుట్టు తెలిసింది. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడగనిదే వార్డులోకి రావద్దని రూలు పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతుండగా, జూన్‌కి ఇద్దరికి తగ్గింది.

అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. క్రిముల సంగతి అప్పటికింకా తేలలేదు, నిజమే. కానీ ఆయనా రూలు చెప్పినంత గట్టిగా కారణం చెప్పలేదు. పూర్తి పుస్తకం 1861 దాకా రానేలేదు. ఆపైన బహిరంగ లేఖల్లో, కాదన్న ప్రొఫెసర్లను హంతకులన్నాడు. అలా అంటే ఎవరు వింటారు? 1865లో వియన్నా పిచ్చాసుపత్రిలో, గాయం చీముపట్టి, 47వ ఏట కన్నుమూశాడు.