పగలు విద్యార్థి, రాత్రి పనివాడు

విద్యకై విదేశములకేగిన తెలుగు యువకులు నేడు వేలసంఖ్యలో నున్నారు. అచ్చట భోజనశాలలలో పాత్రలు కడిగి, దుకాణములలో సరకులు సర్ది దినములు గడుపుచు, ఆ సంగతి యింటికి దెలుప సంకోచించువారు కలరు. విన్నచో తలవంచుకొను తండ్రులును కలరు. ఇరువురును ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును ఒకమారు స్మరింపవలెనని మా కోరిక.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున పేదకుటుంబమున జన్మించిరి. బాల్యమున కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి పోజూచిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమారు గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువు మిత్రుల సాయముచేతను, మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి యాదరముచేతను సాగెను.

గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సాశాలలో ప్రవేశించిరి. ఆచార్యునకది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో రాణించినను ఎం. బి. బి. యస్. పట్టము చిక్కలేదు, తక్కువదియగు ఎల్. ఎం. యస్. యోగ్యతాపత్రముతో సరిపెట్టిరి. అంతట మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, పైచదువునకై అమెరికా పోవ సంకల్పించిరి. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ సాయము చేయుదుమని మాటయిచ్చెను. మామగారును ద్రవ్యము సమకూర్చిరి. భార్యను స్వదేశమున విడిచి, అక్టోబరు 26వ తేదీని బోస్టను చేరిరి.

హార్వర్డు ఉష్ణదేశవైద్య విద్యాలయమున స్థానము దొరకెను గాని భుక్తికి దారి దొరకలేదు. చేతనున్న యోగ్యతాపత్రము అచ్చట వైద్యుడుగా జీవించుటకు చాలదయ్యెను. అప్పుడాయన వైద్యశాలలోనే రాత్రి పనివాడుగా చేరిరి. రోగుల పక్కగుడ్డలు మార్చుట, మలమూత్రపాత్రలు తీసి శుభ్రపరచుట ఆ కొలువు. మద్రాసులో శిష్యులకు పాఠము చెప్పిన బ్రాహ్మణ వైద్యుడు బోస్టనులో రోగుల పాత్రలు మోసెను. మన యూళ్లలో నేటికిని ఆ పని చేయువానిని అరుగుమీద కూర్చుండనీయని వారున్నారు. సుబ్బారావుగారు దానిని అవమానముగా నెంచి మరలి వచ్చియున్నచో లోకమెంత నష్టపోయెడిదో చూడుడు.

ఆచార్య ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని వెలయించిరి. కండరముల శక్తికాధారమగు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, జీవకణముల శక్తినిధియగు ఏ. టి. పి.ని 1929లోను కనుగొనిరి. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరిరి. ఆయన నాయకత్వమున ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. తన సోదరుని బలిగొన్న గ్రహణివ్యాధికది మందు. పిల్లల రక్తపు కేన్సరును తొలిసారి నిలువరించిన ఔషధమును, ఆరియోమైసినును అచ్చటనే వెలువడినవి. గోదావరి మండలములను పీడించిన బోదవ్యాధికి ప్రభుత్వము ఇంటింట పంచిన మాత్రయు 1947 నాటి ఆ పరిశోధనాలయపు ఫలమే. 1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, ఆయన న్యూయార్కు ప్రాంతమున దివంగతులైరి.

ఈ చరిత్రలోని దుఃఖమును మేము దాచము. తండ్రి దేశాంతరమున నుండగనే పసికుమారుడు మరణించెను. ఎదురుచూచిన యిల్లాలు భర్తను మరల చూడలేదు. ఆ త్యాగము ఆమెది గూడ.

పనివాని కొలువు సుబ్బారావుగారిని మహాశాస్త్రజ్ఞుని చేసినదని మేమనము. విద్యనుండి వెనుదిరుగకుండ నిలిపినది మాత్రమదియే. కావున తండ్రులారా! మీ బిడ్డ పరదేశమున పాత్రలు కడుగుచున్నానని వ్రాసినచో తలవంచుకొనకుడు. చదువు సాగుచున్నదా యని మాత్రమడుగుడు. సాగుచున్నచో ఆ చేతులు గౌరవింపదగినవి. పనియే చదువును మ్రింగుచున్నచో, మీ వద్దనున్నది పంపి యాదుకొనుడు. ధర్మసంస్థల నడుపు సంపన్నులును ఈ కర్తవ్యమును గుర్తింతురుగాక!