కూర్మబాంధవుడు ఆర్చీ కార్

తెలుగువారికి తాబేలు క్రొత్త ప్రాణి కాదు. క్షీరసాగరమును చిలుకునప్పుడు మునిగిపోవుచున్న మందరపర్వతమును శ్రీమహావిష్ణువు కూర్మరూపమున వీపుపై నిలిపెనని పురాణములు చెప్పుచున్నవి. ఆ రూపమును కొలుచు శ్రీకూర్మక్షేత్రము శ్రీకాకుళమునకు చేరువనే కలదు. కథలలో కొండను మోసిన ఈ ప్రాణి, ఇరువదవ శతాబ్దము నడుమకు వచ్చునప్పటికి, లోకములోని పెక్కు తీరములందు కనుమరుగగు స్థితికి వచ్చెను. అట్టి సమయమున దానికి అండగా నిలిచిన మహనీయులలో అగ్రగణ్యుడు ఆర్చీ కార్. ఆయన రాజు కాదు, ధనికుడు కాదు. పాఠములు చెప్పుకొని జీవించిన ఒక అధ్యాపకుడు.

ఆర్చీ ఫెయిర్లీ కార్ 1909వ సంవత్సరము జూన్ 16వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మొబీల్ నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తల్లి పియానో వాద్యము నేర్పెడిది. బాల్యము నుండియు కార్‌కు పాములన్నను, తాబేళ్లన్నను మిక్కిలి మక్కువ. కళాశాలలో మొదట ఆంగ్లసాహిత్యమును చదువ నారంభించెను గాని, పిమ్మట జీవశాస్త్రమువైపు మరలెను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున చదివి, 1937లో డాక్టరు పట్టము పొంది, అక్కడనే ఉపాధ్యాయుడయ్యెను. ఆ ఏడే మార్జొరీ హారిస్ అను విదుషీమణిని వివాహమాడెను. ఆమెయు జీవశాస్త్రజ్ఞురాలే. తరువాతి కాలమున ఫ్లోరిడా నదులను, అడవులను కాపాడుటకై పోరాడి ఆమె గొప్ప పేరు గాంచెను. ఆ దంపతులకు ఐదుగురు సంతానము. 1945 నుండి 1949 వరకు కార్ మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమున ఒక వ్యవసాయ పాఠశాలలో బోధించెను. అక్కడ స్పానిష్ భాషతోను, ఆ ప్రాంతపు ప్రజలతోను కలిగిన పరిచయము ఆయనకు ముందుముందు ఎంతయో ఉపకరించెను.

1952లో కార్ తాబేళ్లను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. దానిని వ్రాయునప్పుడు ఆయనకొక సంగతి తెలియవచ్చెను. నేలతాబేళ్లను గూర్చి, మంచినీటి తాబేళ్లను గూర్చి పండితులకు చాల తెలియును. సముద్రపు తాబేళ్లను గూర్చి తెలిసినది అత్యల్పము. అవి ఎక్కడినుండి వచ్చుచున్నవి? గ్రుడ్లు పెట్టిన పిదప ఎక్కడకు పోవుచున్నవి? తిరిగి అదే తీరమునకు వచ్చునా? గ్రంథములలో సమాధానము లేదు. అందుచే కార్ కరీబియన్ సముద్రతీరముల వెంట పయనించి, బెస్తలను, నావికులను, తాబేళ్ల వేటగాండ్రను అడిగి తెలిసికొనసాగెను. చదువురాని వేటగాడు చెప్పిన మాటనైనను ఆయన తేలికగా తీసివేయలేదు. దానిని పరీక్షించి నిజము తేల్చవలెనని తలచెను.

ఆ ప్రయాణములలో ఆయన చూచినది శోచనీయము. పచ్చతాబేలు మాంసము రుచికరమైనది. ఆడుతాబేలు రాత్రివేళ ఒడ్డునకు ప్రాకి వచ్చి, ఇసుకలో గొయ్యి త్రవ్వి, నూరు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి కడలిలోనికి మరలిపోవును. నేలపై దాని నడక మిక్కిలి నెమ్మది. వెల్లకిల త్రిప్పినచో తిరిగి లేవజాలదు. ఈ నిస్సహాయతయే దాని కొంప ముంచెను. 1503లో కొలంబస్ కేమన్ దీవులను చూచినప్పుడు అక్కడ తాబేళ్లు అసంఖ్యాకముగా నుండుటచే, వానికి తాబేళ్ల పేరే పెట్టెను. తరువాతి నావికులు తాబేళ్లను బ్రతికియుండగనే ఓడలపై వేసికొని, తాజా మాంసమునకై వాడుకొనిరి. మూడు వందల ఏండ్లు గడచునప్పటికి ఆ దీవులలో తాబేళ్లు దాదాపు లేకుండ పోయెను. బెర్ముడా దీవుల సభ చిన్న తాబేళ్లను చంపరాదని 1620లోనే శాసనము చేసినను, అక్కడను అవి నిలువలేదు.

పశ్చిమ కరీబియన్‌లో పచ్చతాబేళ్లకు మిగిలిన పెద్ద ఆశ్రయము కోస్టరికా దేశములోని టోర్టుగేరో తీరమొక్కటే. అది సుమారు 35 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న నల్లని ఇసుకతీరము. 1950వ దశకమున అక్కడను వేట ముమ్మరముగా సాగుచుండెను. తీరమును మైలు చొప్పున పంచుకొని, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క కావలివాడు రాత్రియంతయు కాచియుండెడివాడు. ఒడ్డెక్కిన తాబేలునెల్ల అతడు వెల్లకిల త్రిప్పెడివాడు. తెల్లవారిన పిమ్మట వానిని పడవల కెక్కించెడివారు. గ్రుడ్లు పెట్టకముందే తల్లి పట్టువడినచో రాబోవు తరము కూడ నశించును గదా! ఇట్లే సాగినచో కొలది ఏండ్లలో టోర్టుగేరో కూడ కేమన్ దీవులవలె నగునని కార్ గ్రహించెను.

1955లో ఆయన టోర్టుగేరోలో ఒక చిన్న శిబిరము నెలకొల్పెను. తాబేళ్ల రాకపోకలను తెలిసికొనుటకు వానికి గుర్తుబిళ్లలు కట్టవలెనని నిశ్చయించెను. మొదట చిప్ప అంచున రంధ్రము చేసి తీగతో బిళ్లను కట్టిరి. అవి నిలువక ఊడిపోయెను. కార్ నిరుత్సాహపడక, పశువుల చెవులకు వేయు లోహపు బిళ్లలను తెప్పించి, తాబేలు ముందరి తెడ్డుకాలికి బిగింపజేసెను. ఇవి చక్కగ నిలిచెను. ప్రతి బిళ్లపైని ఒక సంఖ్యయు, తెచ్చి ఇచ్చినవారికి బహుమానము కలదను మాటయు, విశ్వవిద్యాలయపు చిరునామాయు చెక్కియుండెను. రాత్రులందు శిష్యులతో కూడి ఆయన ఇసుకలో మైళ్లకొలది నడచెడివాడు. తాబేలు బెదరకుండుటకై, అది గ్రుడ్లు పెట్టుట ముగియువరకు దూరముగా నుండి, పిమ్మట చెంతకు పోయి బిళ్ల వేసి, కొలతలు వ్రాసికొని, సముద్రమునకు విడిచిపెట్టెడివారు.

కొంతకాలమునకు ఉత్తరములు రా నారంభించెను. నికరాగ్వా, పనామా, కొలంబియా, మెక్సికో, క్యూబా మొదలగు తీరముల నుండి బిళ్లలు వచ్చెను. వానిని పంపినవారిలో పెక్కురు తాబేళ్లను పట్టి చంపిన బెస్తలే. ఒక్కొక్క బిళ్ల వెనుక ఒక తాబేలు మరణము దాగియున్నది. అయినను ఆ బిళ్లలే తక్కిన తాబేళ్లను కాపాడుటకు సాక్ష్యములయ్యెను. టోర్టుగేరోలో గుర్తు వేసిన తల్లి రెండు మూడేండ్ల తరువాత టోర్టుగేరోకే వచ్చి గ్రుడ్లు పెట్టుచున్నట్లు తేలెను. దీనివలన రెండు సత్యములు స్పష్టమయ్యెను. తాబేలు ఏ ఒక్క దేశమునకు చెందిన సొత్తు కాదు. పెక్కు దేశముల నీటిలో అది మేయును. కాని అది పుట్టు తీరము మాత్రము ఒక్కటే. ఆ ఒక్క తీరము పాడైనచో, అన్ని దేశముల కడలులును దానిని కోలుపోవును.

కార్ శాస్త్రజ్ఞుడే కాక రచయిత కూడ. తన ప్రయాణములను, తాబేళ్ల దుస్థితిని వర్ణించుచు 1956లో ఆయన ‘ది విండ్‌వర్డ్ రోడ్’ అను గ్రంథమును వెలువరించెను. న్యూయార్కులో పత్రికా వ్యాపారమున నుండిన జాషువా పవర్స్ అను ఆయన దానిని చదివి కదలిపోయెను. ఆ పుస్తకపు ప్రతులను కొని మిత్రులకు పంపెను. వారందరు కలిసి 1959లో పచ్చతాబేళ్ల రక్షణకై ఒక సోదర బృందముగా నేర్పడిరి. వారిలో పెక్కురు తాబేలు గ్రుడ్లు పెట్టుట కన్నులార చూచినవారైన కారు. జీతము లేదు, లాభము లేదు. ఒక మూగప్రాణి బ్రతుకవలెనన్న కోరిక ఒక్కటే వారిని కూర్చెను. అచిరకాలమున ఆ బృందము కరీబియన్ పరిరక్షణ సంస్థగా రూపొందెను. దాని శాస్త్రకార్యములకు కార్ మార్గదర్శి అయ్యెను.

ఆ సంస్థ 1960వ దశకమున ఒక సాహసకార్యము చేసెను. టోర్టుగేరోలో పుట్టిన పిల్లలను అమెరికా నౌకాదళపు విమానములలో తీసికొనిపోయి, తాబేళ్లు నశించిన తీరములందు విడిచిరి. అక్కడ క్రొత్త సంతతి వెలయునని ఆశించిరి. ఆ ఆశ ఫలింపలేదు. తాబేళ్లను క్రొత్త తావులకు చేర్చుటకంటె, ఉన్న తావులను కాపాడుటయే మేలను పాఠము దానివలన కలిగెను.

కాపాడుటెట్లు? తీరము ప్రక్కనే ఉన్న పల్లెవాసులు పేదవారు. తాబేలు వారికి తిండియు, కాసులును. వారిని నిందించినందున ప్రయోజనము లేదని కార్ ఎరుగును. ఆయన గ్రామస్థులతో కలసి మెలసి యుండి, వారిలో కొందరిని శిబిరమున పనికి కుదుర్చుకొనెను. తాబేళ్ల జాడ తీయుటలో వారిని మించినవారు లేరు. వేటకు ఉపయోగపడిన ఆ నేర్పే రక్షణకు ఉపయోగపడెను. 1963లో కోస్టరికా ప్రభుత్వము తాబేళ్ల వేటకు కట్టుబాట్లు విధించెను. 1975లో టోర్టుగేరో జాతీయవనము చట్టబద్ధమయ్యెను. క్రమముగా దూరదేశముల నుండి విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు వచ్చి, రాత్రుల వేళ తీరమున గస్తీ నడచి, గూళ్లు లెక్కించి, బిళ్లలు వేయుట ఆచారమయ్యెను. బ్రతికిన తాబేలును చూడవచ్చు యాత్రికుల వలన పల్లెకును జీవనోపాధి కలిగెను.

కార్ ఇతర చిక్కుముడులను విప్పుటకును ప్రయత్నించెను. అట్లాంటిక్ నడుమ నున్న అసెన్షన్ అను చిన్న దీవిలో గుర్తు వేసిన తాబేళ్లు రెండు వేల కిలోమీటర్లకు మించిన దూరమున నున్న బ్రెజిల్ తీరమున కనుపించెను. అంత చిన్న దీవిని అవి ఎట్లు కనుగొనుచున్నవో తెలిసికొనుటకు, తాబేళ్లకు దారములతో గాలిబుడగలను కట్టి వాని దారిని గమనించెను. గూడు వీడి కడలిలోనికి పోయిన పిల్లలు చాలకాలము ఎవరికిని కనబడవు. ఆ కాలమునకు ‘కానరాని ఏడు’ అని ఆయన పేరు పెట్టెను. అవి సముద్రపు నాచు తెట్టెల నడుమ ప్రవాహములతో కొట్టుకొనిపోవుచు, ఒక్క యేడు కాదు, పెక్కేండ్లు గడపునని తన జీవితపు చివరి రోజులలో నిరూపించెను.

పచ్చతాబేలు పెరిగి పెద్దదై గ్రుడ్లు పెట్టుటకు ఇరువది, ముప్పది ఏండ్లు, ఒక్కొక్కచో అంతకు మించియు పట్టును. కనుక నేడు కాపాడిన పిల్ల తల్లియై తీరమునకు వచ్చునప్పటికి కాపాడినవాడు ముదుసలి యగును. లేదా ఉండనే ఉండడు. తాత నాటిన తాటిచెట్టు మనుమలకు కాయలిచ్చినట్లు, ఈ సేవ యొక్క ఫలము తరువాతి తరమునకే. ఇది తెలిసియు కార్ ముప్పది రెండేండ్లు ఆ పనిని విడువలేదు. 1987వ సంవత్సరము మే 21వ తేదీన ఫ్లోరిడాలోని స్వగృహమున ఆయన కన్ను మూసెను.

ఆయన తలచిన ఫలము తరువాత కనుపించెను. 1971 నుండి 2003 వరకు గల లెక్కలను చూడగా, టోర్టుగేరోలో గూళ్ల సంఖ్య నాలుగు రెట్లకు మించి పెరిగినట్లు తేలెను. 1991లో ఫ్లోరిడా తీరమున తాబేళ్లకై ఏర్పడిన అభయారణ్యమునకు కార్ పేరు పెట్టిరి. 2025లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము పచ్చతాబేలును ఆపదలో నున్న జాతుల పట్టిక నుండి తొలగించెను. అయినను ఏమరుపాటు తగదు. ఇటీవలి సంవత్సరములలో టోర్టుగేరోలోనే గూళ్ల సంఖ్య మరల తగ్గుచున్నట్లు పరిశీలకులు గమనించిరి. వేట, వలలు, తీరపు కోత, దీపకాంతులు, వేడెక్కుచున్న ఇసుక ఇప్పటికిని తాబేళ్లకు శత్రువులే.

మన ఆంధ్రతీరమునకును ప్రతి సంవత్సరము శీతకాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గ్రుడ్లు పెట్టును. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు పెక్కు చోట్ల అటవీశాఖవారును, మత్స్యకార గ్రామముల యువకులును ఆ గ్రుడ్లను కుక్కలకు, నక్కలకు చిక్కకుండ సేకరించి, కంచె వేసిన ఇసుకమళ్లలో పొదిగించి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. వారిలో చాలమంది ఆర్చీ కార్ పేరు విని యుండకపోవచ్చును. అయినను వారు నడచుచున్న బాట ఆయన నడచినదే. గొప్ప పని చేయుటకు గొప్ప పదవి అక్కరలేదు. తెలియనిదానిని తెలిసికొనవలెనను పట్టుదలయు, తెలిసినదానిని నలుగురికి చెప్పు నేర్పును, ఫలము తాను చూడకున్నను పని మానని ఓర్పును ఉన్నచో చాలును. ఆర్చీ కార్ జీవితము మనకు నేర్పు నీతి ఇదియే.