అమృతాంజనము నాగేశ్వరరావు పంతులు

అనంతపురము జిల్లాలోని యాడికి ప్రాంతము వానకరవునకు పేరుపడిన మెట్టనేల. ఇట్టి సీమలోని పాత బజారులలో మేడల గోడలపై వెనుకటి కాలపు ప్రకటనలు నేటికిని అచ్చటచ్చట కానవచ్చుచుండును. మీద పూసిన సున్నము పెళ్ళలుగా రాలిపోవును. అవిసెనూనెలో సఫేదా కలిపి వ్రాసిన అడుగు అక్షరములు మాత్రము గోడను వదలవు. తెలుగుదేశమున ఇట్లు గోడలకెక్కిన పేర్లలో అమృతాంజనము ఒకటి. ఆ మందుపేరు చదివినవారు లెక్కకు మిక్కిలి; దానిని చేసిన మహనీయుని పేరు ఎరిగినవారు కొందరే.

ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. బందరులో చదివి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలనుండి పట్టభద్రులైరి. ఆ దినములలో పట్టము పొందిన యువకునికి సర్కారు కొలువు చేతికందిన పండు. పంతులుగారు దానిని ఆశింపక, వ్యాపారము నేర్వగోరి మొదట కలకత్తాకును, పిదప బొంబాయికిని పోయిరి. బొంబాయిలో విలియం కంపెనీయను దొరల సంస్థలో కుదిరి, కొలదికాలమునకే దానికి యజమానులైరి.

1893లో వారు అమృతాంజనమును తయారుచేసిరి. కర్పూరము, పుదీనాపువ్వు మొదలగునవి చేరిన పసుపువన్నె లేపనమది. మందు మంచిదే కావచ్చును; కాని ఎరుగని మందును కొనువారెవరు? పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టించిరని చెప్పుదురు. పాట వినబోయినవారికి తలనొప్పి యేలయని నవ్వు రావచ్చును. నడిరేయి దాటువరకు కూర్చున్నవారికి ఆ సంగతి తెలియును. ఒకరు చెప్పగా ఒకరు వాడిరి. పత్రికలలోను, గోడలపైనను పేరు కనబడెను. ధనము వచ్చెను.

ఆ ధనము ఎట్లు వ్యయమయ్యెనో అదియే పంతులుగారి చరిత్ర. 1907లో సూరతునందు జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు వెళ్ళిరి. దేశమంతట వీచుచున్న గాలి తెలుగువారికి తెలియవలెనన్నచో తెలుగున మంచి పత్రిక యుండవలెనని వారికి తోచెను. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. అదియు ఎచ్చట? తెలుగు మాటాడువారు కొలదిగా నుండు బొంబాయిలో! బొంబాయినుండి మద్రాసుకు పోవు ఇనుపదారి గుంతకల్లు, గుత్తి, యాడికి సమీపమున నున్న రాయలచెరువు, తాడిపత్రుల మీదుగనే సాగును. 1914లో పంతులుగారు మద్రాసు చేరి పత్రికను దినపత్రికగా మార్చిరి. ఆ యేటనే ఐరోపాలో మహాయుద్ధము మొదలగుటచే వార్తలకై జనులు ఎదురుచూడసాగిరి. పత్రికకు నష్టము వచ్చినపుడు మందు ఆదుకొనెను.

1924లో భారతియను సాహిత్య మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పిరి. తాళపత్రములలో మరుగుపడిన ప్రాచీన గ్రంథములు ఆ మాలలో అచ్చయి, స్వల్పమైన వెలకు లభించెను. అడిగినవారికి లేదనుట వారెరుగరు. అందుచేతనే విశ్వదాతయనియు, దేశోద్ధారకుడనియు ప్రజలు పిలిచిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు పోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో కళాప్రపూర్ణ బిరుదము నిచ్చెను.

యాడికివంటి ఊళ్ళతో వారికి గల సంబంధము మందు ఒక్కటియే కాదు. మద్రాసు రాజధానినుండి విడివడి ఆంధ్రరాష్ట్రము ఏర్పడవలెనని కోస్తా నాయకులు కోరుచుండిరి. రాయలసీమ వారికి జంకు కలిగెను. కృష్ణా గోదావరుల ఆనకట్టలతో కోస్తా పచ్చబడినది. సీమలో కరవుపై కరవు. బలవంతునితో పొత్తు కుదిరిన బీదవాని గతి తమకు పట్టునేమో యని వారి భయము. అది కారణము లేని భయము కాదు. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో పంతులుగారి గృహమైన శ్రీబాగునందు ఇరుప్రాంతముల పెద్దలును కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్నానదుల నీటి వినియోగమున పదియేండ్లవరకు, అవసరమైనచో ఇంకను హెచ్చుకాలము, రాయలసీమకు ముందుస్థానము ఈయవలెను. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెను. రాజధాని, ఉన్నతన్యాయస్థానములలో ఏది కావలయునో సీమవారే మొదట కోరుకొనవలెను. పంతులుగారికి అప్పటికి డెబ్బదియేండ్లు.

ఐదునెలలు నిండకమునుపే, 1938 ఏప్రిల్ 11వ తేదీన వారు కన్నుమూసిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు కర్నూలు రాజధాని యయ్యెను. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో వెలసెను. నీటిని గూర్చిన మాట ఏమైనదని సీమరైతు ఇంకను అడుగుచునే యున్నాడు. ఆంధ్రపత్రికయు, భారతియు ఇరువదవ శతాబ్ది ముగియకమునుపే నిలిచిపోయెను. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్ళలో దొరకుచున్నది.