థామస్ కుక్ : సామాన్యులకు లోకము చూపినవాడు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. దారిలో దొంగలు, రోగములు, ఎరుగని భాషలు, చెల్లని నాణెములు. ఇన్ని గండములు గడచి తిరిగి యిల్లు చేరుట దైవాధీనమని వారి తలంపు. ఈ కష్టము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో సయితము 1840వ సంవత్సర ప్రాంతమువరకు దూరదేశములు చూచి వచ్చుట ధనవంతుల బిడ్డలకే సాధ్యమైన విషయము. కూలివాడును, చేతిపనివాడును, బడిపంతులును తాము పుట్టిన యూరి చుట్టుప్రక్కలనే బ్రదికి అచ్చటనే కన్నుమూయుచుండిరి.

నేడు విద్యార్థులు విహారయాత్రకు పోవునప్పుడు గుంపున కంతటికిని తక్కువ వెలకు టిక్కెట్లు దొరకును. బస ముందుగనే కుదిరియుండును. ఏ దినమున ఏ స్థలము చూడవలెనో తెలుపు కాగితము చేతిలో నుండును. ఇట్టి యేర్పాటులను ఒక వృత్తిగా చేసి ప్రపంచమంతట వ్యాపింపజేసినవారిలో అగ్రగణ్యుడు ఒక బీద వడ్రంగి. ఆయన కథ చదువదగినది.

థామస్ కుక్ 1808వ సంవత్సరము నవంబరు 22వ తేదీన డెర్బీషైరు జిల్లాలోని మెల్బర్న్ అను చిన్న యూర జన్మించెను. ఆస్ట్రేలియాలోని మహాపట్టణమునకు ఆ పేరు ఈ యూరి జమీందారగు మెల్బర్న్ ప్రభువు మూలముననే వచ్చినది. కుక్ పసివాడై యుండగనే తండ్రి మరణించెను. పదియవయేట చదువు ముగిసెను. తల్లికి తోడ్పడుటకై ఆ బాలుడు దినమునకొక పెన్నీ కూలికి తోటపనిలో కుదిరెను. పదునాల్గవయేట మేనమామయొద్ద వడ్రంగమును, తరిమెనపనియు నేర్చుకొన మొదలిడెను. తల్లి బాప్తిస్టు బోధకుని కుమార్తె. ఆమె పెంపకమున కుక్ దైవభక్తి గలవాడై 1826లో బాప్తిస్మము పొందెను.

1828లో బాప్తిస్టు సంఘమువారు అతనిని గ్రామ సువార్తికునిగా నియమించిరి. ఏడాదికి జీతము 36 పౌనులు. ఊరూర తిరిగి కరపత్రములు పంచుటయు, ఆదివారపు బడులు నెలకొల్పుటయు అతని పని. 1829వ సంవత్సరమున అతడు 2,692 మైళ్లు తిరిగినట్లును, అందు 2,106 మైళ్లు కాలినడకనే నడచినట్లును లెక్క వ్రాసియుంచుకొనెను. విద్యార్థులు భాగించి చూచినయెడల దినమునకు సగటున ఆరు మైళ్లకు దగ్గరగా వచ్చును. బీదవానికి మైలనగా నేమో, మడమ బొబ్బయనగా నేమో ఆ యేటనే అతనికి తెలిసినది. పిమ్మట సంఘమునకు ధనము చాలకపోగా అతడు మరల తరిమెన పట్టెను. 1833లో మేరియాన్ మేసన్ అను నామెను వివాహమాడి మార్కెట్ హార్బరో పట్టణమున కాపురముండెను. మరుసటి యేట వారికి జాన్ మేసన్ అను కుమారుడు కలిగెను.

ఆ కాలమున ఇంగ్లండులోని శ్రామికులను మద్యపానము పట్టి పీడించుచుండెను. సెలవు దినము వచ్చెనన్న పోవుటకు వేరుచోటు లేక పలువురు సారాదుకాణములోనే కూలిడబ్బు పారబోయుచుండిరి. కుక్ మద్యమును పూర్తిగా వర్జించి ఆ యుద్యమమున ప్రవేశించెను. 1841వ సంవత్సరము జూను 9వ తేదీన లెస్టరు పట్టణమున జరుగు మద్యవర్జన సభకై అతడు పదునైదు మైళ్లు నడచి పోవుచుండెను. ఆ సీమకు అప్పుడే క్రొత్తగా రైలుమార్గము వచ్చియుండెను. సభకు పోవువారి నందరిని ఒక్క రైలుబండిలో తక్కువ వెలకు తీసికొనిపోయిన నెంత మేలగునని నడచుచుండగా అతనికి తోచెను. సభలో ఆ మాట చెప్పెను. రైలుకంపెనీవారు సమ్మతించిరి.

జూలై 5వ తేదీన సుమారు 500 మంది లెస్టరునుండి లాఫ్‌బరోకు బయలుదేరిరి. దూరము పండ్రెండు మైళ్లలోపు. రాకపోకలకు కలిపి వెల ఒక షిల్లింగు. బండ్లకు పైకప్పు లేదు. మేళము వాయించుచు, దారి ప్రక్కల జనులు జేకొట్టుచుండగా వారు పోయి, సభ జరుపుకొని, ఫలహారము దిని, ఆటలాడి క్షేమముగా తిరిగి వచ్చిరి. తక్కువ వెలకు రైళ్లు నడుపుట అంతకుముందు లేదనరాదు. అయినను త్రాగుడునుండి మనుష్యుని మరల్చుటకు వానికి వేరొక సంతోషము చూపవలెనను తలంపుతో ఆ పని చేసినవాడు కుక్. వలదనుట సులభము, వలదన్నదానికి బదులుగా మంచిదాని నిచ్చుట కష్టము. అతని జీవితమంతయు ఆ రెండవపనికే సరిపోయినది.

ఆ యేటనే అతడు లెస్టరునకు కాపురము మార్చి ముద్రణాలయము పెట్టుకొనెను. కొన్నియేండ్లు లాభ మాశింపకయే యిట్టి యాత్రలు నడిపెను. 1843లో లెస్టరులో గుఱ్ఱపుపందెములు జరుగు దినములలో బాలురు జూదమును త్రాగుడును చూడకుండునట్లు వేలకొలది బడిపిల్లలను డెర్బీ పట్టణమునకు రైలులో తీసికొనిపోయెను. 1845లో మొదటిసారి జీవనోపాధిగా లివర్‌పూలు యాత్రను సాగించెను. దానికి ముందు తానొక్కడే ఆ దారినంతయు తిరిగి, బసలు పరీక్షించి, చూడదగిన స్థలములనుగూర్చి చిన్నపుస్తకము వ్రాసి అచ్చొత్తించెను. ఇతరులను నడిపింపగోరువాడు మొదట తాను నడచి చూడవలెనను నియమము అతడు ఎన్నడును విడువలేదు.

అయినను అతనికి అన్నియు జయములే కాలేదు. 1846లో కొన్ని వందలమందిని స్కాట్లండుకు తీసికొనిపోయెను. కొంతదారి రైలు, కొంతదారి స్టీమరు. దారిలో దొరకునన్న తేనీరు దొరకలేదు. స్టీమరులో గదులు చాలక పలువురు రాత్రియంతయు వానలో తడిసిరి. యాత్రికులు సణగిరి. ఆ యేటనే కుక్ అప్పులు తీర్చలేక దివాలాదీసెను. మరియొకడైనచో తరిమెనకు మరలియుండును. కుక్ తన తప్పులను లెక్కవేసికొని దిద్దుకొనెను. తరువాతి యేండ్లలో అదే స్కాట్లండుకు వేలమందిని తీసికొనిపోయెను.

1851లో లండను నగరమున, గాజుతో కట్టిన స్ఫటికసౌధమున, సకలదేశముల వస్తువుల మహాప్రదర్శనము జరిగెను. కుక్కును, పదునేడేండ్ల కుమారుడు జాన్ మేసనును కలిసి, మిల్లుకూలీలు వారమునకింతయని చిల్లరడబ్బు కూడబెట్టుకొనునట్లు ప్రోత్సహించి, ఇంచుమించు లక్షయేబదివేల మందికి ఆ ప్రదర్శనము చూపిరి. వారిలో పలువురు రాజధానిని అంతకుముందు చూచినవారు కారు.

1855లో అతడు సముద్రము దాటి బెల్జియము, రైను నదీతీరము, పారిసు నగరము చూపెను. ఆ యాత్రలో నష్టమే వచ్చెను. 1863లో స్విట్జర్లండు మంచుకొండలను, 1864లో ఇటలీని చూపెను. పురుషుల తోడులేక ప్రయాణము చేయ వెరచు స్త్రీలు కుక్ వెంట నిర్భయముగా బయలుదేరిరి. ఇందులకు గొప్పవారు కోపించిరి. తాము మాత్రమే చూడదగిన రోమునగరమును, ఆల్ప్స్ పర్వతములను దుకాణదారులును బడిపంతులమ్మలును గుంపులుగా వచ్చి చూచుట వారికి సరిపడలేదు. ఇటలీలో బ్రిటిషు ఉద్యోగిగానుండిన చార్లెస్ లీవర్ అను నవలాకారుడు, ఈ యాత్రికులు ప్రభుత్వమువారు వదలించుకొనదలచిన నేరస్థులని మారుపేరుతో వెక్కిరింత వ్రాసెను. కుక్ తిట్టునకు తిట్టు బదులీయక, దేవుడు సృజించిన భూమి అందరిదియని అచ్చు కాగితములలో సమాధానము వ్రాసి, మరియెక్కువ మందిని వెంటబెట్టుకొనిపోయెను.

1869లో అతని చిరకాలపు కోరిక నెరవేరెను. రెండు స్టీమరులమీద యాత్రికులను నైలునదిలో త్రిప్పి, పిమ్మట పరిశుద్ధదేశమునకు తీసికొనిపోయెను. అచ్చట హోటళ్లు కొరత యగుటచే గుడారములు, గుఱ్ఱములు, వంటవారు వెంట నడచిరి. బాల్యమున బైబిలులో చదివిన యెరూషలేమును ఆ తరిమెనపనివాడు తన కన్నులార చూచెను. ఆ సంవత్సరమే నవంబరులో సూయజు కాలువ తెరచిన యుత్సవమునను ఉండెను.

1872వ సంవత్సరము సెప్టెంబరులో, అరువదినాలుగవ యేడు నిండవచ్చిన వయస్సున, కొద్దిమందితో లివర్‌పూలునుండి భూప్రదక్షిణమునకు బయలుదేరెను. అట్లాంటిక్ మహాసముద్రము దాటి న్యూయార్కు; 1869లో పూర్తియైన రైలుమార్గమున అమెరికాఖండము దాటి శాన్‌ఫ్రాన్సిస్కో; అచ్చటినుండి జపాను, చైనా, సింగపూరు, సింహళము; పిమ్మట మన దేశమున కలకత్తా, కాశి, ఆగ్రా, ఢిల్లీ, బొంబాయి; అటుపై సూయజు. మొత్తము 222 దినములు పట్టెను. అతడు దారిలో నుండగనే ఫ్రాన్సులో జూల్స్ వెర్న్ వ్రాసిన ఎనుబది దినముల భూప్రదక్షిణకథ పత్రికలో ప్రకటితమగుచుండెను. ఒకటి కల్పన, ఒకటి నిజము. విద్యార్థులు భూగోళపటము ముందిడుకొని ఈ దారిని వ్రేలితో గీచి చూచినయెడల ఒక సంవత్సరపు పాఠము ఒక సాయంకాలమున నేర్చుకొందురు.

ఈ కాలముననే కుక్ సంస్థవారు హోటళ్లలో బసకును భోజనమునకును చెల్లు చీటీలను, మన షాహుకారుల హుండీలవలె పరదేశములలో ధనమిచ్చు పత్రములను కల్పించిరి. 1873లో ఐరోపాఖండపు రైళ్ల వేళల పుస్తకమును ప్రకటించిరి. దారిదొంగల భయము, నాణెముల చిక్కు దీనితో చాలవరకు తీరెను.

ఇంతవరకు కీర్తి. ఇకముందు దుఃఖము. 1872 ప్రాంతమున సంస్థ పేరు థామస్ కుక్ అండ్ సన్ అని మారినను తండ్రికొడుకుల మనస్సులు కలియలేదు. తండ్రికి యాత్ర దైవసేవ, కుమారునికి వ్యాపారము. సంస్థసొమ్మును తండ్రి ధర్మకార్యములకు వెచ్చించుట కుమారునకు గిట్టదు. కుమారుని కాఠిన్యము తండ్రికి గిట్టదు. నిజము చెప్పవలెనన్న ఇరువురియందును న్యాయముండెను. తండ్రి తలంపు లేకున్న ఆ సంస్థ పుట్టియుండదు. కుమారుని లెక్క లేకున్న నిలిచియుండదు. 1878 ప్రాంతమున తండ్రి వ్యవహారమునుండి తొలగి లెస్టరున తానుకట్టుకొన్న యింట విశ్రమించెను. 1880లో ఆ క్రొత్త యింటనే స్నానపుగదిలో నీళ్లుకాచు యంత్రమునుండి వెలువడిన విషవాయువుచే ప్రియకుమార్తె ఆనీ మరణించెను. 1884లో భార్యయు గతించెను. క్రమముగా అతని చూపు పోయెను. లోకులకు లోకమును చూపిన కన్నులకు తన యిల్లే కనబడకపోయెను.

కుమారుని చేతులలో సంస్థ వృద్ధిబొందెను. 1881లో బొంబాయిలో కార్యాలయము తెరచిరి. 1884లో గార్డన్ సేనానిని విడిపింప పోయిన బ్రిటిషు సైన్యమును నైలునదిమీదుగా చేరవేయుటకు కుదుర్చుకొనిరి. 1886లో హిందూదేశ ప్రభుత్వమువారు మక్కాయాత్రికుల ప్రయాణపు ఏర్పాటులను వారికి అప్పగించిరి. సభకు పోవువారికై పుట్టిన పని కడకు సేనలను గూడ మోసెను. ఇది కుక్ కోరినది కాదు.

అంధుడయ్యును అతడు 1888లో పరిశుద్ధదేశమునకు కడసారి పోయివచ్చెను. తాను కూలిచేసిన మెల్బర్న్ గ్రామమున బీదలకై పదునాలుగు ఇండ్లును, ప్రార్థనామందిరమును కట్టించెను. 1891లో సంస్థకు ఏబదియేండ్లు నిండిన యుత్సవము లండనున వైభవముగా జరిగెను గాని, వృద్ధుడు అందు పాల్గొనలేదు. 1892వ సంవత్సరము జూలై 18వ తేదీన లెస్టరున కన్నుమూసెను.

ఆ సంస్థ పలువురి చేతులు మారి 2019వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన అప్పుల భారముచే మూతపడెను. ఆ దినమున పరదేశములలో చిక్కుకొనిన సుమారు లక్షయేబదివేల మంది బ్రిటిషు యాత్రికులను ప్రభుత్వమువారు ఇండ్లకు చేర్చవలసివచ్చెను. 1851లో తండ్రికొడుకులు లండను చూపినవారి సంఖ్యయు ఇంచుమించు అంతియే.

విద్యార్థులారా, సంస్థలు పుట్టును, పోవును. నిలుచునది మంచి తలంపు. అన్యదేశమును చూచినవాడు అన్యుని ద్వేషింపజాలడని కుక్ నమ్మెను. మీలో కొందరు దూరదేశములకు పోవుదురు, కొందరు పోలేకపోవుదురు. పోవువారు తమకంటె బీదవానిని వెంట తీసికొనిపోవు మార్గ మాలోచింపుడు. పోలేనివారు నిరాశపడవలదు. థామస్ కుక్ భూప్రదక్షిణము పదునైదు మైళ్ల కాలినడకతో మొదలైనది.