సావిత్రిబాయి చివరి రోజులు: ప్లేగు, అంటరానితనం, వైద్యం

జనవరి 3 వస్తే సావిత్రిబాయి ఫూలే ఫొటోకి దండలు పడతాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. మంచిదే. మన హాస్టళ్లలో, విద్యార్థి సంఘాల్లో మాత్రం మార్చి 10 గుర్తున్నవాళ్లు తక్కువ. 1897లో ఆ రోజున ఆమె చనిపోయింది. ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే జబ్బు తగిలి చనిపోయింది. టీచరమ్మగా ఆమె గురించి చాలా రాశారు కాబట్టి మేం ఈసారి ఆ చివరి నెలల గురించి రాస్తున్నాం.

1831లో సతారా జిల్లా నాయగావ్‌లో పుట్టింది. 1840లో జోతిరావుతో పెళ్లి, 1848లో పూణే భిడేవాడలో ఆడపిల్లల బడి, తర్వాత మహర్, మాంగ్ పిల్లలకు బడులు. ఇవన్నీ మన పాఠకులకు తెలిసినవే. వైద్యానికి దగ్గరగా ఉన్న మరో పని గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. గర్భవతులైన బ్రాహ్మణ వితంతువులు బిడ్డల్ని బావుల్లో పడేయాల్సిన, తామే చావాల్సిన కాలం అది. వాళ్లు రహస్యంగా వచ్చి కాన్పు చేయించుకునేందుకు ఫూలే దంపతులు చోటిచ్చారు. నీ మొగుడెవరు, ఈ బిడ్డకు తండ్రెవరు అని అడగని ప్రసూతి గది. ఇవాళ్టికీ మన సర్కారు దవాఖానాల్లో పెళ్లికాని ఆడపిల్లకు దొరకని మర్యాద అది. అలా పుట్టిన ఒక బిడ్డనే దంపతులు దత్తత తీసుకున్నారు. అతనే యశ్వంత్. డాక్టరయ్యాడు.

1890లో జోతిరావు పోయినప్పుడు దత్తపుత్రుడి హక్కు మీద బంధువులు గొడవ చేస్తే, నిప్పుకుండ తనే పట్టుకుని పాడె ముందు నడిచింది. ఆ తర్వాత సత్యశోధక్ సమాజ్ బాధ్యత ఆమె మీద పడింది. (ఆ సమాజానికి అండగా నిలిచినవాళ్లలో బొంబాయిలో బతకబోయిన తెలుగు కామాఠీలూ ఉన్నారు. మన చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు చోటు లేదు.)

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లోనే పూణేను పట్టుకుంది. అప్పటికి వైద్యానికి తెలిసింది చాలా తక్కువ. క్రిమిని 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టారు గానీ, ఎలుకల మీది ఈగుళ్ల వల్ల వస్తుందని తేల్చింది 1898లో. హాఫ్కిన్ తన టీకాను బొంబాయిలో తన ఒంటి మీదే వేసుకుని చూసింది 1897 జనవరిలో. జబ్బు తగ్గించే మందు మాత్రం ఇంకో నలభై ఏళ్లకు పైగా రాలేదు. మరి డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం లాభం? నీళ్లు తాగించడం, గంజి పట్టడం, గజ్జల్లో చంకల్లో లేచిన గడ్డలు శుభ్రం చేయడం, పక్క మార్చడం, జ్వరంలో కలవరించేవాడి చెయ్యి పట్టుకోవడం. ఆనాడు వైద్యమంటే చాలావరకు ఇదే. ఇందులో ఏదీ రోగిని ముట్టుకోకుండా కుదరదు. ముట్టుకోకూడదన్న కులాల రోగికి మందే కాదు, ఈ పాటి సంరక్షణా దక్కదన్నమాట.

యశ్వంత్ సైన్యంలో డాక్టరుగా పనిచేస్తుండేవాడు. అతన్ని సావిత్రిబాయి పిలిపించింది. ఊరి బయట, హడప్సర్ దగ్గర ససాణేల తోటలో తల్లీకొడుకులు కలిసి ఆస్పత్రి తెరిచారు. రోగులు వస్తారని కూర్చోలేదామె. ముంఢ్వా దగ్గర మహర్‌వాడలో పాండురంగ్ బాబాజీ గైక్వాడ్ కొడుక్కి ప్లేగు తగిలిందని తెలిసి వెళ్లింది. పిల్లాణ్ని వీపున వేసుకుని ఆస్పత్రికి మోసుకొచ్చింది. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు. ఆ పిల్లాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుంది.

అదే 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సర్కారు అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సావిత్రిబాయి పోయిన కొద్ది రోజులకే ర్యాండ్ అనే అధికారి కింద సోల్జర్లు పూణే ఇళ్లలోకి చొరబడ్డారు. అడక్కుండా ఒళ్లు తడిమి చూశారు, ఆడవాళ్లను వీధిలో నిలబెట్టి పరీక్షించారు, సామాన్లు తగలబెట్టారు. జనం రోగుల్ని దాచిపెట్టడం మొదలుపెట్టారు. అది అవమానమే, మేం కాదనం. అయితే అగ్రకుల పత్రికల కోపంలో సగం పూజగది మైలపడిందని, అన్ని కులాలవాళ్ల పక్కన పడుకోబెట్టారని. జూన్ 22న చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చారు. పాఠ్యపుస్తకాల్లో పూణే ప్లేగంటే ఆ తుపాకీయే. మూడు నెలల ముందు అదే ఊళ్లో రోగిని సిగ్గుపరచకుండా, బలవంతం చేయకుండా, వాడకు వెళ్లి తెచ్చుకుని చూసుకున్న ఆస్పత్రి ఉందని ఆ పుస్తకాలు చెప్పవు.

మూడు దశాబ్దాలు గడిచాక కూడా పరిస్థితి ఏమిటో అంబేడ్కర్ నమోదు చేశాడు. కాఠియావాడ్‌లో ఒక అంటరాని టీచరు భార్య బాలింత. జబ్బుపడితే, డాక్టరు వాడలోకి రానన్నాడు. బయటికి తెచ్చాక కూడా ముట్టుకోలేదు. థర్మామీటరు ముందు ఒక ముస్లిం చేతికి, అతని నుంచి భర్తకు, భర్త నుంచి ఆమెకు. వెనక్కీ అదే దారి. ఫీజు రెండు రూపాయలు మాత్రం తీసుకున్నాడు. ఆమె చనిపోయింది. ప్లేగు లేదు, అంటువ్యాధి భయం లేదు. డాక్టరును ఆపింది కులం ఒక్కటే.

సావిత్రిబాయిని త్యాగమూర్తిని చేసి వదిలేయడం మాకు నచ్చదు. 2020లో హెలికాప్టర్లతో ఆస్పత్రుల మీద పూలు చల్లారు. కింద వార్డులు కడిగే కాంట్రాక్టు కార్మికులు గ్లౌజులు, జీతాలు అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చారో మనకు తెలుసు. సేవ చేసేవాళ్లు చావాలని ఆమె ఎక్కడా చెప్పలేదు. ఆనాడు ఈగుళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఇవాళ అన్నీ తెలిసీ రక్షణ ఇవ్వకపోవడం వేరే సంగతి.

ఆ తర్వాత యశ్వంత్ మళ్లీ సైన్యానికి వెళ్లాడు. 1905లో పూణేలో ప్లేగు తిరిగి చెలరేగితే సెలవు పెట్టి వచ్చాడు. రోగుల్ని చూస్తూ తల్లిలాగే ప్లేగుతోనే చనిపోయాడు.